విశాఖలో ఏం చూడాలంటే...

దసరా సెలవులు దగ్గరపడగానే మొదలై, సంక్రాంతి వెళ్ళేదాకా ఆగకుండా నన్ను వెదుక్కుంటూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "వైజాగు వస్తున్నాం. ఏమేం చూడాలి? ఎక్కడ తినాలి?" అడిగేవారిలో చుట్టాలుంటారు, మిత్రులుంటారు, ముఖపరిచయం కూడా లేని మిత్రుల మిత్రులుంటారు. ఉద్యోగరీత్యా ఈ ఊరు చేరి పాతికేళ్ళు దాటింది కాబట్టి, ఈ విషయంలో నా మాట ప్రమాణమని వారు నమ్మడం వారి మంచితనం. ఆ మంచితనానికి బదులుగా ఒకప్పుడు నేను వారికొక జాబితా ఇచ్చేవాణ్ణి.

ఆ జాబితా మీద నాకు కొంత గర్వం కూడా ఉండేది. తెల్లవారి ఆరు గంటలకు సింహాచలంలో మొదలై, రాత్రి తొమ్మిదింటికి జగదాంబ కూడలిలో ఏదో ఒక హోటలు ముందు ముగిసేది. మధ్యలో కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, ఋషికొండ, తొట్లకొండ, భీమిలి. ఎక్కడ ఎన్ని నిమిషాలు నిలబడాలో కూడా నిర్ణయించి, రైల్వేవారి కాలపట్టికలా తయారుచేశాను. "ఒక్కరోజులో ఊరంతా చూపించేశారండీ!" అని ఎవరైనా అంటే, ఏదో ఘనకార్యం సాధించినట్లు మురిసిపోయేవాణ్ణి.

2008 డిసెంబరులో మా పెద్దమ్మ వచ్చింది. అనంతపురం జిల్లాలో, వానకోసం ఏడాది పొడుగునా ఆకాశంకేసి చూసే పల్లె ఆమెది. అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆమె చూసిన అతిపెద్ద నీటిపట్టు ఊరి చెరువు. అది నిండిన సంవత్సరాలను వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పగలదు. అటువంటి మనిషి, "చచ్చేలోపల ఒక్కపారి సముద్రం చూసి పోతా నాయనా" అంటూ మనవణ్ణి తోడు తీసుకొని, రాత్రంతా రైలులో కూర్చొని వచ్చింది.

నేను యథాప్రకారం జాబితా బయటకు తీశాను. సింహాచలంలో దర్శనం వరుస రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ పూడ్చుకోవాలన్న తొందరలో మిగిలిన ప్రతిచోటా ఆమెను పరుగెత్తించాను. కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహాలకు దండం పెట్టుకుంటుంటే "తొందరగా" అన్నాను. జలాంతర్గామి ఇనుప మెట్లు ఎక్కించి, ఆ గుండ్రని ద్వారాలలోంచి నడుము వంచి దాటించాను. ఋషికొండ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇసుక కాలుతోంది, కళ్ళు చికిలిస్తే తప్ప నీళ్ళ వంక చూడలేని ఎండ. తొట్లకొండ మీదనుంచి సముద్రం కనబడింది గానీ, దూరాన ఆరవేసిన నీలం చీరలా కనబడింది. భీమిలి చూసి వెనక్కి వచ్చి రామకృష్ణా బీచిలో దిగేసరికి చీకటిపడిపోయింది. డిసెంబరులో మాకు ఐదున్నరకే పొద్దు వాలిపోతుందన్న సంగతి నా కాలపట్టికలో లేదు. సముద్రం చప్పుడు వినబడుతోంది. సముద్రం మాత్రం కనబడటం లేదు. అంగట్లో దీపాల వెలుగున, 'విశాఖపట్నం' అని రంగుతో రాసిన శంఖం ఒకటి కొనిచ్చి ఇంటికి తీసుకువచ్చాను.

మరునాటి ఉదయం మా ఆవిడ ఆమెను చీరల కొట్టుకు తీసుకువెళ్ళింది. మధ్యాహ్నం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి నేను స్టేషనుకు వెళ్ళాను. "ఎట్లుంది పెద్దమ్మా మా ఊరు?" అని అడిగాను, మెచ్చుకోలు వినాలనే ఆశతో.

"అంతా బాగుండాది నాయనా. గుళ్ళు బాగుండాయి, కొండలు బాగుండాయి. సముద్రమే సరిగ్గా చూడల్యా" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. వంకాయలు లేతగా లేవన్నంత మామూలుగా చెప్పింది.

"మళ్ళీ వద్దువుగానిలే" అన్నాను. 2011లో ఆమె పోయింది. మళ్ళీ రాలేదు. ఇంత చిన్న విషయాన్ని ఇన్నేళ్ళు మోయడమెందుకని ఇంట్లోవాళ్ళు అంటారు. ఆ మోసేది నాకే తెలుసు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తుచేసుకున్నానంటే, మొన్న వరంగల్లు నుంచి ఒక మిత్రుడు ఫోను చేశాడు. "అన్నా, మా అమ్మను తీస్కొని వస్తున్న. డెబ్బై మూడేండ్లు. ఎన్నడూ సముద్రం చూడలే. మోకాళ్ళ నొప్పులు. రెండు దినాలుంటం. యాడ్యాడికి తీస్కపోవాలె?" అన్నాడు. ఫోనులో చెప్పబోయి ఆగి, రాసి పంపిస్తానన్నాను. ఆ రాసినదే ఇది. పెద్దవారిని వెంటబెట్టుకొని వచ్చే మరెవరికైనా పనికిరావచ్చునని ఇక్కడ పెడుతున్నాను.

మొదట, వచ్చే కాలం గురించి. నవంబరు చివరనుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల రోజులు; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదనే తీరం దాటింది. ఆనాడు కూలిన చెట్ల నీడలు మాకింకా గుర్తున్నాయి. మే నెలలో ఎండకన్న ఉక్క ఎక్కువ, పెద్దవారు తట్టుకోలేరు.

వరంగల్లులో గోదావరి ఎక్కితే తెల్లవారుజామున ఇక్కడ దిగుతారు. దిగీదిగగానే ఎక్కడికీ బయలుదేరవద్దు. గదికి వెళ్ళి అమ్మగారిని ఒక గంట నడుము వాల్చనివ్వండి. స్నానాలయ్యాక ఫలహారం. మా ఊళ్ళో పొద్దుటిపూట ఏ వీధి చివర చూసినా ఇడ్లీ, పూరీ, పెసరట్టు వేడివేడిగా దొరుకుతాయి. పూరీలోకి బొంబాయి చట్నీ అడగండి. శనగపిండితో చేసే ఆ పలుచని పసుపుపచ్చ కూర ఇక్కడివారికి ప్రాణం. అమ్మగారికి మాత్రం ఉప్మా పెసరట్టు మొత్తం పెట్టించకండి. అది సగం పూట దాకా కదలనివ్వదు.

తరవాత బురుజుపేట. అక్కడ కనకమహాలక్ష్మి అమ్మవారు ఉంటుంది. విశాఖ ప్రజలకు ఆమె ఇంటి ఆడపడుచు వంటిది. ఆమె గర్భగుడికి పైకప్పు లేదు. ఎండలోనూ వానలోనూ అలాగే ఉంటుంది. అంతకన్న పెద్ద విశేషం, భక్తులు తమ చేతులతోనే ఆమెకు పూజ చేసుకోవచ్చు. పసుపు, కుంకుమ, పూలు తామే సమర్పించుకోవచ్చు. నడుమ అడ్డుతెర ఉండదు. జీవితమంతా దూరంనుంచి దండం పెట్టుకున్న పెద్దావిడకు, దేవతను తాకే అవకాశం ఎంతటిదో నేను చెప్పనక్కరలేదు. మార్గశిర మాసపు గురువారాలు మాత్రం తప్పించండి. ఆ జనంలో మోకాళ్ళు నిలవవు.

సింహాచలం వద్దా అంటారేమో. తప్పక చూడవలసిన క్షేత్రమే. ఏడాదంతా చందనం మాటున ఉండి, ఒక్క అక్షయ తృతీయనాడు నిజరూపంతో కనబడే వరాహ నరసింహస్వామి మరెక్కడ ఉన్నాడు? 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి దర్శించుకున్న కొండ అది. కానీ దానికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి. అమ్మగారు "స్వామిని చూడాలి" అంటే రెండోరోజు వెళ్ళండి, ఆ రోజుకు మరేదీ పెట్టుకోవద్దు. గుడిని సముద్రంతో పోటీకి నిలబెడితే ఏం జరుగుతుందో నేను చూశాను.

బురుజుపేట దాకా వెళ్ళారు కాబట్టి, ఆటోలోనే నెమ్మదిగా పాత ఊరు ఒక చుట్టు చుట్టండి. దిగనక్కరలేదు. కురుపాం మార్కెట్టు, విక్టోరియా రాణి విగ్రహం ఉన్న రాణీబొమ్మ కూడలి, ఇరుకు వీధులు, పెంకుటిళ్ళు. శ్రీశ్రీ 1910లో పుట్టింది ఈ పట్నంలోనే. రావిశాస్త్రి ప్లీడరీ చేసి, కోర్టు మెట్లమీద కనబడే బీదాబిక్కీని తన కథల్లోకి పిలిచి కూర్చోబెట్టింది కూడా ఈ ఊళ్ళోనే. ఓడరేవు పక్కన మూడు చిన్న కొండలు వరుసగా కనబడతాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుని గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఎదురుగా, సముద్రంలోకి ముక్కు చాచినట్లుండే పెద్దకొండ డాల్ఫిన్ నోస్. ఆ రెంటి నడుమనున్న ఇరుకు కాలువలోంచే ఓడలు లోపలి రేవుకు వస్తాయి. ఈ రేవు 1933లో తెరిచారు. అదృష్టం బాగుంటే, ఇళ్ళ వెనకనుంచి మేడంత ఓడ ఒకటి నిశ్శబ్దంగా కదిలిపోవడం అమ్మగారు చూడవచ్చు. ఆ దృశ్యానికి టిక్కెట్టు లేదు.

మధ్యాహ్న భోజనం. మీరు చెరువు చేపలు తిని పెరిగినవారు. ఇక్కడి రుచి వేరు. వంజరం, చందువా, పండుగప్ప అన్నవి పెద్దింటి పేర్లు, కొంచెం ఖరీదు. నన్నడిగితే అసలు రుచి కానాగంతల పులుసులోనూ, కరకరలాడే నెత్తళ్ళ వేపుడులోనూ ఉంది. మామిడికాయ వేసిన చేపల పులుసు దొరికే రోజుల్లో వస్తే మరేదీ అడగవద్దు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేట నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ "తాజా చేప" అన్న మాటను కొంచెం అనుమానంగానే వినాలి.

హోటలు పేర్లు చెప్పమంటారు. పేరు చెబితే పాతవి రెండు చెబుతాను. కూర్చొని నిదానంగా తినాలంటే దసపల్లా. బిర్యానీ మీద మనసుంటే జగదాంబ దగ్గరి ఆల్ఫా. హైదరాబాదు బిర్యానీతో పోల్చి చూడకండి, ఇది వేరే సంప్రదాయం. మిగిలినచోట్ల నేను పాటించే సూత్రం ఒక్కటే. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆటోలవాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు పక్కపక్కన కూర్చొని తింటున్న చోటు ఎన్నడూ మోసం చేయదు.

అమ్మగారు శాకాహారులైతే, ఉత్తరాంధ్ర వంటల్లోని తీపిని చూసి ఆశ్చర్యపోవచ్చు. పక్కనే అనకాపల్లి బెల్లం ఉండగా మావాళ్ళు పులుసులోనూ దప్పళంలోనూ బెల్లం వేయకుండా ఉండలేరు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మరొక అద్భుతం. ఇవి హోటళ్ళలో అరుదు. ఒకపూట మా ఇంట్లో భోంచేయండి. మా ఆవిడతో ఈ సంగతి ముందే మాట్లాడాను.

భోజనమయ్యాక నిద్ర. మొహమాటం లేకుండా మూడున్నర దాకా పడుకోండి. నాలుగింటికి బయలుదేరి రామకృష్ణా బీచికి రండి.

చాలామంది ఇక్కడికి వచ్చి, సూర్యుడు సముద్రంలో మునగడం ఎక్కడ చూడాలని అడుగుతారు. మనది తూర్పు తీరం. సూర్యుడు సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి పోతాడు. అందువల్లనే ఇక్కడి సాయంత్రం పెద్దవారికి అనువైనది. ఎండ వీపువైపు ఉంటుంది, కళ్ళు చికిలించకుండా సముద్రాన్ని నిండుగా చూడవచ్చు. నీలంనుంచి పచ్చకు, పచ్చనుంచి బూడిద రంగుకు నీళ్ళు మారడం, దూరాన లంగరువేసిన ఓడల్లో ఒక్కొక్క దీపమే వెలగడం చూడటానికి గంటన్నర పడుతుంది. పౌర్ణమి దగ్గర్లో వస్తే, చీకటి పడుతుండగానే చంద్రుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు.

అక్కడ తినవలసింది మురీ మిక్చరు. మరమరాలను మేము మురీలంటాం. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి కలిపి పొట్లం కట్టిస్తాడు. నిప్పులమీద కాల్చి ఉప్పూకారం నిమ్మచెక్కతో రుద్దిన మొక్కజొన్న పొత్తులుంటాయి. మిరపకాయ బజ్జీలుంటాయి. అమ్మగారి పళ్ళ సంగతి చూసుకొని కొనండి.

ఒక హెచ్చరిక. ఈ సముద్రం చూడటానికి ఎంత శాంతంగా ఉన్నా నమ్మదగినది కాదు. కాళ్ళకింద ఇసుకను లాక్కుపోయే లోపలి ప్రవాహాలుంటాయి. ఈతగాళ్ళమనుకున్న కుర్రవాళ్ళనే ఏటా కోల్పోతున్నాం. పాదాలు తడిసేంతవరకే. అమ్మగారిని ఇద్దరు చెరొక చెయ్యి పట్టుకోండి.

కురుసుర జలాంతర్గామి ఆ ఒడ్డునే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారింది. తొంభై మీటర్ల ఇనుప గొట్టంలో మనుషులు నెలల తరబడి ఎలా బ్రతికారో చూస్తే మీరు మరచిపోలేరు. సోమవారం సెలవు. కానీ మీరొక్కరే వెళ్ళండి. అమ్మగారికి ఆ మెట్లూ, ఆ ద్వారాలూ వద్దు. ఎదురుగానే 2017లో పెట్టిన టీయూ 142 యుద్ధవిమానం ఉంది. బీచి రోడ్డులోనే, పాత డచ్చి భవంతిలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరిమీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఒక బాంబును అక్కడ చూడవచ్చు. వీటిలో ఏదీ కుదరకపోతే బాధపడకండి. అవి ఎక్కడికీ పోవు.

రెండోరోజు తెల్లవారుజామున ఐదున్నరకు లేవండి. ఈ ఒక్క విషయంలో మాత్రం బద్ధకించవద్దు. నిన్న చూసిన చోటికే మళ్ళీ రండి. కొత్తచోటు ఎందుకు కాదంటే, చోటు కొత్తదైతే మనసు చోటును చూస్తుంది, సముద్రాన్ని చూడదు. నీళ్ళ అంచున ఎర్రని గీత ఒకటి పుట్టి, అది గుండ్రమై పైకి లేచేదాకా ఎవరూ మాట్లాడకండి. ఫొటోలు సూర్యుడు పైకి వచ్చాక తీసుకోవచ్చు.

అమ్మగారి దగ్గర ఎవరైనా తోడుంటే, మీరు ఒక గంట చేపల రేవుకు వెళ్ళి రండి. రాత్రి వేటకు వెళ్ళిన పడవలు అప్పుడే ఒడ్డుకు చేరుతుంటాయి. బుట్టలు, మంచుగడ్డలు, పాటల కేకలు, వాసన. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ అగ్నిప్రమాదం జరిగి పదుల సంఖ్యలో మరపడవలు కాలిపోయాయి. మనకు పళ్ళెంలోకి వచ్చే చేప వెనక ఎటువంటి బ్రతుకులున్నాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది. చూడటానికి వెళ్ళినవాళ్ళం కాబట్టి, వారి పనికి అడ్డం రాకుండా ఒక పక్కగా నిలబడాలి.

ఫలహారమయ్యాక, కారు మాట్లాడుకొని భీమిలి రోడ్డు పట్టండి. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం. దారిలో తొట్లకొండ వస్తుంది. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం. 1976లో నావికాదళంవారి సర్వేలో బయటపడింది. భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లే దానికా పేరు తెచ్చాయి. వానాకాలమంతా ఒకచోట కూర్చోవలసివచ్చినప్పుడు వారు ఏ చోటు ఎంచుకున్నారో చూడండి. ఇంకా ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. గాలీ వానా కలసి వేల ఏళ్ళుగా పోగుచేసి, కోసి, చెక్కిన ఎర్రని లోయలు అవి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ దిబ్బలమీదికి ఎక్కి తొక్కవద్దని పిల్లలకు చెప్పండి. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి సమాధులు ఉన్నాయి. ఇవన్నీ చూడాలని లేదు. అమ్మగారు ఎక్కడ "ఇక్కడ ఆగుదాం" అంటే అక్కడ ఆపండి. డ్రైవరు గడియారం చూస్తే చూడనివ్వండి.

తిరిగి వెళ్ళేటప్పుడు పంచిపెట్టడానికి మాడుగుల హల్వా తీసుకువెళ్ళండి. గోధుమపాలతో చేస్తారు, ప్రయాణంలో చెడిపోదు. రంగులు రాసిన శంఖాలు మాత్రం కొనకండి. అమ్మగారు ఒడ్డున తానుగా ఏరుకున్న గవ్వ ఏదైనా ఉంటే అది చాలు. మా పెద్దమ్మ ఇంట్లో ఆ శంఖం చాలాకాలం గూట్లో ఉండేది. నేను వెళ్ళినప్పుడల్లా దానివైపు చూడకుండా వేరేవైపు కూర్చునేవాణ్ణి.

చివరగా, అన్నిటికన్న ముఖ్యమైనది. మోకాళ్ళు నొప్పులున్నవారు ఇసుకలో కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. గోడమీద కూర్చుంటే కాళ్ళు వేలాడి తిమ్మిరెక్కుతాయి. అందువల్ల వాళ్ళు నిలబడతారు, నిలబడి పది నిమిషాలకే "పోదాం పద" అంటారు. సముద్రం చాలిందని కాదు, కాళ్ళు చాలలేదని. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా ఇంట్లో మడిచే కుర్చీ ఒకటుంది. తేలికైనది, చేతులు ఆనించుకోవడానికి పట్టీలున్నాయి. 2011లో కొన్నాను. అప్పటినుంచి ఊరికి వచ్చిన పెద్దవారెందరో దానిలో కూర్చొని సముద్రాన్ని చూశారు. రైలు దిగగానే ఫోను చేయండి, సాయంత్రం నాలుగింటికి నేనే పట్టుకొని వస్తాను.